మూసుకుపోయిన గుళికలు

ఎండకు కాలిన రేకు వాసన తగిలితే ఇప్పటికీ నేనాడిన అబద్ధమే గుర్తొస్తుంది. శంకరప్ప సార్ అడిగిన ఒక్క ప్రశ్నకు నేను నిజం చెప్పలేదు. ఆయన చేసిన మందు పరీక్షలో ఎందుకు తప్పిందో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

ఎనభైల్లో జహీరాబాద్ బయట, చిరాగ్‌పల్లి దారిలో ఉన్న మందులు తయారుచేసే చిన్న షెడ్డులో ఆయన కెమిస్టు, నేను పనివాణ్ని. సార్ వాళ్లమ్మకు ఉబ్బసం. మాత్ర వేసుకున్నా తెల్లవారకముందే దాని బలం తగ్గి ఆయాసం లేచేది. అందుకే మందును కొద్దికొద్దిగా వదిలే గుళికలు చేయాలని ఆయన పట్టుబట్టారు. పాలిమర్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంలో మెత్తటి ఉప్పుపొడి కలిపి గుళికలు చేసేవాళ్లం. నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగిపోయి, కంటికి కనపడని రంధ్రాలు మిగిలేవి. వాటిలోకి మందు ఎక్కించి ఆరబెట్టాలి, అదీ నీడలోనే.

"ఇవి జొన్నలు కావు బాలయ్యా. ఎండల పోస్తే మెత్తబడి మందు బయటికొచ్చే తొవ్వలన్నీ మూసుకపోతయి" అనేవారు.

షెడ్డు యజమాని సేటు గడువు పెట్టాడు. సోమవారం పరీక్షలో మందు బయటికి రాకపోతే ఆ పనీ బంద్, సార్ కొలువూ బంద్ అన్నాడు. ఆదివారం ఝరాసంగంలో మా చెల్లె నిశ్చితార్థం. గుళికలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఇంట్లో కందులు ఆరబోసినట్టే వాటిని షెడ్డు రేకుల మీద పరిచి, ఆరగానే ఎత్తిపెట్టి బస్సెక్కాను.

సోమవారం గోరువెచ్చని నీళ్లలో గుళికలు తిరుగుతున్నాయి. సార్ గంటగంటకూ నీళ్లు తీసి చూస్తున్నారు. మందు జాడ లేదు. వెనక నిలబడ్డ సేటు, "మీ గుళికలు దాసుకునుడే నేర్సినయి సార్, ఇచ్చుడు నేర్వలే" అని ఎత్తిపొడిచాడు. సార్ నావైపు తిరిగారు.

"బాలయ్యా, నీడల్నే ఆరేసినవా?"

"నీడల్నే సార్."

ఆయన నమ్మారు. ఆ వారమే సేటు ఆయన్ను పంపించేశాడు. నా కొలువు నిలిచింది.

చాలా ఏళ్లకు మొగుడంపల్లిలో ఆయన నడుపుతున్న మందుల దుకాణం వెతుక్కుంటూ పోయాను. సార్ గుర్తుపట్టి చాయ్ తెప్పించారు. తనే ఆ మాట ఎత్తారు. కలిపిన ఉప్పు పాళ్లు ఎక్కడ తప్పాయో ఎంత ఆలోచించినా తేలలేదనీ, తనకే చేతగాదనుకుని మళ్లీ ఆ పని జోలికి పోలేదనీ చెప్పారు.

నేను లేచి నిలబడ్డాను.

"మీ లెక్క తప్పలే సార్. ఆదివారం రేకుల మీద, ఎండల, నేనే ఆరేసిన. మీరడిగితే అబద్ధం చెప్పిన. నన్ను మాఫ్ చెయ్యున్రి."