పెద్దాకు, చిన్నాకు

మా ఆయన అన్నగారు బాపట్లలో వ్యవసాయం చదువు రెండేళ్ళు వెలగబెట్టి, పరీక్ష తప్పి భట్టిప్రోలు వచ్చేశారు. ఆయన మట్టిలో చెయ్యి పెట్టగా నేను చూడలేదు. అరవయ్యో దశకం చివర్లో ఒక కార్తీకంలో బెంగుళూరు నుంచి రెండు రకాల స్ట్రాబెర్రీ మొక్కలు తెచ్చారు. మా నేలలో నీళ్ళు నిలుస్తాయని పెరట్లో మోకాలెత్తు మడులు రెండు కట్టించి, ఒకదాంట్లో పెద్దాకు రకం, రెండోదాంట్లో చిన్నాకు రకం నాటించారు. ఏది ఎక్కువ కాస్తుందో తేల్చడమే ఆయన పరిశోధన. నీళ్ళు పోసింది మా ఇంట్లో పనిచేసే పెద్దావిడ. కాయలు కోసి, తూచి, పుస్తకంలో రాసింది నేను. బావగారు మాత్రం పూత రాకముందే పెద్దాకే గొప్పదని ఊరంతా చెప్పేశారు.

తీరా చూస్తే పెద్దాకు మడి తోటకూర మడిలా బలిసిందే గాని, రోజుకు గుప్పెడు కాయలు రాలేదు. చిన్నాకు మడిలో గిన్నె నిండేది. పుస్తకం చూపిస్తే, "నీకు తూచడం రాదమ్మాయ్" అన్నారు. తెనాలిలో మా నాన్న కిరాణా కొట్లో తక్కెడ పట్టుకుని పెరిగినదాన్ని.

బాపట్ల నుంచి ఒక ఆఫీసరు చూడటానికి వచ్చిన రోజు పొద్దున్నే మడుల్లో గుచ్చిన, రకాల పేర్లు రాసిన చెక్కలు తారుమారయ్యాయి.

"నిన్న ఇది అటుందండి బాబూ," అంది పెద్దావిడ.

"నీకు చదువొచ్చా?" అన్నారు బావగారు. ఆవిడకి చదువు రాదు. ఆకులు తెలుసు.

ఆఫీసరు నడుం వంచకుండానే చెక్క చదివి, పెద్దాకు కాపు అద్భుతమన్నాడు. నేను పుస్తకం చేతికిచ్చాను. రెండు పేజీలు తిప్పి, "దస్తూరీ బాగుందమ్మా" అన్నాడు.

"ఆకులు చూడండి సార్. పెద్దాకని రాసిన చోట చిన్నాకులున్నాయి," అన్నాను.

ఆయన ఆకుల్ని చూశాడు, బావగారిని చూశాడు, చివరికి వాచీ చూసుకున్నాడు. "బాపట్ల బస్సు టైమైందండి" అని వెళ్ళిపోయాడు.

బావగారు నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఈలోగా పెద్దాకు పిలకలు చెరుకుపల్లి రైతులకు పంచి దండలు వేయించుకున్నారు. మరుసటి ఏడు ఒక రైతు వచ్చి, "ఆకులే వచ్చినయ్యండి" అంటే, మీ నేల మంచిది కాదన్నారు.

నేనైతే ఆఫీసరు వచ్చి వెళ్ళిన రోజు నుంచే తూచడం మానేశాను. ఆ ఏడు మిగిలిన కాపంతా నేనూ పెద్దావిడా మడి గట్టు మీద కూర్చుని తిన్నాం. బావగారికి ఒక్కటీ ఉంచలేదు.