ఇంటర్వ్యూలో మోగిన ఫోను

1968లో నాకు పంతొమ్మిదేళ్లు. విజయనగరంలో ఓ గోనె మిల్లు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. మా పొందూరు యాస బయటపడకూడదని నెల్లాళ్లు రేడియో వార్తల్లా మాట్లాడటం ప్రాక్టీసు చేశాను. తీరా మేనేజరుగారు "మీ గురించి చెప్పండి" అనేసరికి బట్టీ పట్టిందంతా మరిచిపోయాను.

అంతలో బల్లమీది ఫోను మోగింది. "తీయండి, చూద్దాం" అన్నారాయన.

అవతల పాలకొండ నుంచి ఓ రైతు ఒకటే అరుపులు! కంగారులో నా నోటికి ఇంటి మాటే వచ్చేసింది.

"మావా, అలా అరిస్తే నాకేటీ ఇనబడదు. ఏటయినాదో మెల్లగా సెప్పు."

ఆయన చప్పున చల్లబడ్డాడు. తను పంపిన నార బళ్లు నిన్నట్నుంచీ మిల్లు గేటు దగ్గరే ఆగిపోయాయట, ఎడ్లకి నీళ్లయినా లేవట. ఆ సంగతి మేనేజరుగారికి చెబుతుంటే, ఆయన ముందే 'మావా' అన్నానని గుర్తొచ్చింది. ఇక ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

మేనేజరుగారు బళ్లను లోపలికి పంపమని గుమాస్తాను పరుగెత్తించి, నావైపు తిరిగి నవ్వేశారు. "మాలో ఎవరు మాట్లాడినా ఈపాటికి పెద్ద గొడవయ్యేదమ్మా. సోమవారం నుంచి వచ్చేయ్."

ఉద్యోగాలకి వెళ్లే పిల్లలకి ఇప్పటికీ ఒకటే చెబుతాను: ఎదుటి మనిషి గోడు శ్రద్ధగా వినండి, మీరేమిటో వాళ్లకే తెలుస్తుంది.