పెదనాన్న ఇచ్చిన ఆదివారం లెక్క

మా చిన్నప్పుడు... ఆదివారం భోజనాలయ్యాక వండూర్ బీచ్‌కి జీపు కదలాలంటే ముందు పెదనాన్న లెక్కలు తేలాలి. అది మా ఇంటి రూలు.

అండమాన్ డాలీగంజ్‌లో ముందు హార్డ్‌వేర్ కొట్టు, వెనకాల ఇల్లు. రెండూ పెదనాన్నవే. నాన్న ఆ కొట్లోనే పనిచేసేవారు... అమ్మా నాన్నా నేనూ ఆ ఇంట్లోనే వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లం.

పెదనాన్నకి లెక్కలంటే ప్రాణం. పిల్లలందరినీ వసారాలో చాప మీద కూర్చోబెట్టి, తలా ఒక పలక ఇచ్చి, తలా ఒక లెక్క చెప్పేవారు. సరిగ్గా చేసినవాళ్లు వెళ్లి జీపెక్కాలి. చెయ్యనివాళ్ల కోసం అందరూ ఆగాలి.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నాకొచ్చిన లెక్క ఇది... సున్నా, ఒకటి, రెండు, మూడు, ఈ నాలుగంకెల్నీ ఒక్కోటి ఒక్కసారే వాడి ఎన్ని నాలుగంకెల సంఖ్యలు రాయొచ్చు?

భలే సంతోషమేసింది. ఆ వారమే బడిలో చేయించారు మరి! ఒకటి ముందు పెడితే ఆరు, రెండు ముందు పెడితే ఆరు, మూడు ముందు పెడితే ఆరు... మొత్తం పద్దెనిమిది. సున్నా ముందుకి రాకూడదు, వస్తే అది మూడంకెల సంఖ్య అయిపోతుంది. పద్దెనిమిది అని రాసేసి చెప్పులేసుకోవడానికి లేచాను కూడా.

"తప్పు. ఇరవై నాలుగు," అన్నారు పెదనాన్న. "బైఠో. మళ్లీ చెయ్యి."

మళ్లీ చేశాను. మళ్లీ పద్దెనిమిదే వచ్చింది. "సున్నా ముందు రాకూడదు కదా పెదనాన్నా..." అన్నాను మెల్లిగా.

ఆయన లేచి వెళ్లి గోడౌన్‌కి వేసే నంబరు తాళం తెచ్చారు. దాని నంబరు సున్నాతోనే మొదలవుతుంది. నా కళ్లముందే చక్రాలు తిప్పి, లాగి తెరిచారు.

"ఖుల్ గయా కి నహీ? బోల్ బేటీ! సున్నా ముందుంటే తాళం తెరుచుకుంది గదా... మరి నీ లెక్కకేటి రోగం?"

తాళానికి సరే... సంఖ్యకెలా కుదురుతుంది? ఆ మాట అనకుండా పలక మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను. ఆ ఇంట్లో ఆయనకి ఎదురు చెప్పినవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. నాన్న ఆయన ముందు కుర్చీలో కూడా కూర్చునేవారు కాదు.

బయట జీపులో పిల్లలందరూ ఎక్కేశారు. నాన్న స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు, ఇటువైపు తిరగనే లేదు. మా అండమాన్‌లో అయిదు దాటితే చీకటే కదా... పెదనాన్న చిన్నకొడుకు ఒకటే అరుపులు.

"దీదీ, జల్దీ చెయ్యే! ఎల్లేసరికి సీకటడిపోద్ది!"

లెక్క రాక కూర్చున్నానని వాడి కోపం. రాక కాదురా, వచ్చే కూర్చున్నాను అని ఎలా చెప్పను? ఒప్పు రాస్తే ఇక్కడే ఉండిపోవాలి, తప్పు రాస్తే వదిలేస్తారు.

పెదనాన్న కొట్టు షట్టర్ దించడానికి వెళ్లినప్పుడు అమ్మ మంచినీళ్లు తెచ్చే వంకతో వచ్చి పక్కన కూర్చుంది.

"నీది కరెక్టేనేటే?"

"కరెక్టేనమ్మా. ఒట్టు."

"మరింకేటి... నీకు తెలుసు గదా, సాలు. ఆయన సెప్పింది రాసీ. మనం ఈ ఇంట్లో ఉండాల తల్లీ."

నన్ను నమ్మకపోయినా బాగుండేది. నమ్మి కూడా రాయమంది... అదే తట్టుకోలేకపోయాను. తనే కొంగుతో పలక తుడిచి, నా చేతికి బలపం ఇచ్చింది. ఇరవై నాలుగు అని రాశాను.

"షాబాష్! బుర్రున్న పిల్ల!" అని పెదనాన్న వీపు తట్టారు. ఆయన చెడ్డవారేం కాదు, నా పుస్తకాలన్నీ ఆయన కొన్నవే. కానీ వండూర్ చేరాక అందరూ నీళ్లలో కేరింతలు కొడుతుంటే నేను జీపు దిగలేదు. విచిత్రం ఏంటంటే, నాకు కోపం వచ్చింది పెదనాన్న మీద కాదు... అమ్మ మీద. ఆ కోపం చాలా ఏళ్లు పోలేదు.

పెదనాన్న పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మాకు ఇక్కడే ఆస్టినాబాద్‌లో సొంత ఇల్లుంది, అమ్మ నా దగ్గరే ఉంటోంది. మొన్న మా అమ్మాయి అన్నం తింటూ మామూలుగా చెప్పింది...

"మమ్మీ, ఆజ్ మ్యాథ్స్ సర్ బోర్డు మీద తప్పు రాసేరు. నేను లేచి చెప్పీసేను."

పక్కనే తింటున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏటీ అన్లేదేటే నిన్ను?"

"ఏటంటారు అమ్మమ్మా? సారీ బోల్‌కే దిద్దుకున్నారు. బస్."

అది చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసుకుని తన గదిలోకి పోయింది. అమ్మ కంచం పక్కకి జరిపి, నా వైపు చూడకుండానే అంది...

"ఆ ఆదోరం నీ సేత నేనలా రాయించకుండా ఉండాల్సింది."

ఇన్నేళ్లూ నాకొక్కదానికే గుర్తుందనుకున్నాను... ఆవిడ పక్కనే కూర్చుని ఏడ్చేశాను.

ఇప్పటి పిల్లలు ఒక్క మాట చెప్పేసి హాయిగా లేచిపోతున్నారు... మాకు ఆ ఒక్క మాటకి తలదాచుకున్న ఇల్లే అడ్డం పడేది. మీ ఇళ్లలోనూ తెలిసి తెలిసి తప్పుకి తలూపిన రోజులుంటే ఇక్కడ రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను.