బావ లారీలో వేడిగాలి

మా బావ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ కుందేలు లారీలో ఉంటే ఇక కాళ్ళు లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ పాత లారీ ఇంజను మీద ఆయన తప్ప మరొకరు చెయ్యి వేయకూడదన్నది ఇంట్లో శాసనం. నా చెయ్యి మాత్రం టార్చిలైటు పట్టుకోవడానికి పనికొస్తుంది. బావమరిదినైనందుకు అది నా ఖర్మ.

ఆ లారీలో ఏసీ ఉంది. ఉందన్న పేరే గాని, మీట ఎటు తిప్పినా వేడిగాలే కొడుతోంది. ఎండలు మొదలైన కొత్తలో మా అక్క ఆ కేబిన్‌లోనే కళ్ళు తిరిగి పడిపోయింది. లేచాక, ఏసీ బాగయ్యేదాకా లారీ ఎక్కేది లేదని తేల్చి చెప్పింది.

బావకు అది మామూలు దెబ్బ కాదు. పిల్లలు పెద్దవాళ్ళయినప్పటి నుంచీ అక్క ఆయనతో పాటే తిరుగుతోంది. దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూ ఆయన్ని నిద్రపోనివ్వకుండా చూడడమే ఆమె పని. అంతకుముందు ఒకసారి ఒంటరిగా వెళ్ళి, కునుకు పట్టి, లారీని రోడ్డు దించి పొలంలో ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు గాని, ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ లేచి బయటికి వెళ్ళిపోతాడు. ఇప్పుడేమో దూరప్రయాణం లోడు ఒప్పుకుని ఉన్నాడు. ఏసీ బాగవకపోతే ఒక్కడే వెళ్ళాలి.

ముందు గ్యాసు పట్టించాడు. వేడిగాలే. ఏసీ మెకానిక్ పైపు పట్టుకు చూసి, ఇది చల్లగానే ఉంది, గాలి తర్వాతెక్కడో వేడెక్కుతోంది, హీటరు చూసుకోమన్నాడు. బావకు ఒళ్ళు మండింది. చలికాలమంతా ఆ హీటరు బంగారంలా పనిచేసిందట, బాగా పనిచేసేదాన్ని అనుమానించడమేమిటట. మెకానిక్‌ను పంపేసి, తుక్కుకు పోయే లారీ నుంచి కంప్రెసరు ఊడదీసుకొచ్చి బిగించాడు. మళ్ళీ వేడిగాలే. ఇక డాష్‌బోర్డు విప్పడం మొదలుపెట్టాడు. మరలన్నీ అక్క గిన్నెల్లోకి చేరాయి. మామూలుగా అయితే ఆ గిన్నెల కోసం యుద్ధమే జరగాలి. అక్క గడపలో నిలబడి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

నాకు వచ్చింది మాత్రం కోపం. ఆయన తిడుతుంటే మరలు దొరకవు, దొరకకపోతే మళ్ళీ తిడతాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఇంజను ఆన్‌లో పెట్టి బానెట్ కింద వెలుతురు చూపించమన్నాడు. వంగబోయి, కేబిన్‌లోకి వెళ్ళే ఒక గొట్టాన్ని పట్టుకున్నాను. చెయ్యి చుర్రుమంది. హీటరు గొట్టం. మీట చల్లవైపు ఉన్నా అందులో ఇంజను వేడికి మరిగిన నీళ్ళు పారుతున్నాయి.

బావ తల దూర్చి చూశాడు. ఆ నీళ్ళను ఆపాల్సిన వాల్వును ఎవరో తెరిచిపెట్టి, నీలం రంగు తీగతో బిగించి కట్టారు. మా ఇంటి బట్టలారేసే తీగ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. అన్నీ విప్పిన మనిషి ఇది ఎందుకు చూడలేదంటే, తన ఇంజను మీద ఇంకొకరి చెయ్యి పడుతుందని ఆయన ఊహకైనా రాలేదు.

అరవకుండా అక్కను పిలిచాడు. అరిచుంటేనే నయమనిపించింది.

"చలికాలంలో ఆ వాల్వు తిప్పే కేబుల్ తెగిపోయింది," అంది అక్క. "మీరేమో మోకాళ్ళు పట్టుకుని వణుకుతున్నారు. మీరు కాగితాలు తెచ్చుకోవడానికి దిగినప్పుడు, లారీలో పడున్న బట్టల తీగతో నేనే కట్టాను."

"మరి ఇన్నాళ్ళూ నోరెందుకు విప్పలేదు?"

"పడ్డాకే గుర్తొచ్చింది. చెబుదామనే అనుకున్నా. ఈలోగా కదలని మంచం మీద నిద్రపోయి చూశాను. బాగుందండీ. ఏసీ బాగైతే మళ్ళీ రమ్మంటారుగా."

"ఆ ముక్క డాష్‌బోర్డు విప్పకముందు చెప్పి ఏడవచ్చు కదా," అన్నాడు బావ.

తీగ తెంపి, చేత్తోనే వాల్వు మూసి, వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. కాసేపటికి డాష్‌బోర్డు బొక్కల్లోంచి చల్లగాలి తన్నుకొచ్చింది. దానికోసమేగా ఇంతసేపూ కొట్టుకు చచ్చింది. ఒక్కరికీ సంతోషం లేదు.

"ఒక్కడినే ఉంటే నిద్రొస్తుందే," అన్నాడు, పక్క సీటు వైపు చూస్తూ. "భయమేస్తుంది."

ఆ మాట ఆయన నోటి వెంట రావడం నేనెప్పుడూ వినలేదు. అక్క కూడా ఎప్పుడూ విని ఉండదు. కిందనే నిలబడి తలుపు పట్టుకుంది.

"అయితే మీరూ వెళ్ళకండి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే లోడ్లు చూసుకోండి," అంది.

ఆయన లోడ్లు ఇప్పించే మనిషికి ఫోన్ చేసి, తాను రావడం లేదని, ఇక దూరాలు వెళ్ళనని చెప్పాడు. ఏసీ బాగవలేదా అని అవతలివాడు అడిగినట్టున్నాడు.

"ఏసీ బ్రహ్మాండంగా ఉంది," అని ఫోన్ పెట్టేశాడు.