గట్టు మీది గడ్డి తాగిన మందు

కోడుమూరు పక్క మా ఊర్లో నా కోతలు నమ్మే మనిషి లేడు. ఆ ఏడు మొక్కజొన్నకు కలుపు మందు కొట్టిన మర్నాడే కుండపోత వాన! నీళ్లన్నీ పల్లంలోని పక్కచేని రైతన్న మిరపనారు మీదికి ఉరికినాయి.

"నారు సచ్చిందో, నిన్ను వదల్నప్పా!" అని అరిచినాడు అన్న.

"గట్టు మీద బర్రెల మేతకు నాటిన గడ్డి ఉండాది కదన్నా, మందంతా తాగి తేన్చుతాది," అన్నాను. నోటికొచ్చిన కోత అది!

వారానికి చూస్తే, బండిదారికని గడ్డి వేయని సందు కింద నారు ఎండిపోయింది. గడ్డి వెనకాల నారు నవనవలాడుతాంది! ఎగిరి గంతేసినాను. గడ్డివేర్లు నీళ్లను నెమ్మదింపజేస్తాయనీ, వేర్లమట్టిలోని సూక్ష్మజీవులు మందులోని విషాన్ని విరగ్గొడతాయనీ వ్యవసాయాఫీసరు చెప్పినాడు.

మర్నాడు అన్న గడ్డికణుపులు తెచ్చి సందులో నాటుతాండాడు.

"బండి యాడ పోవాలన్నా?"

"చుట్టు తిప్పుకోపో. జన్మకొక నిజం చెప్పినావు, దాన్ని పోనిస్తానా!"