ఇసుక కోసం షోళింగనల్లూరు దాకా

సూళ్ళూరుపేట నుంచి నేను చెన్నై వెళ్ళింది ఇసుక మంచిదని ఒక కాగితం తెచ్చుకోవడానికి. నవ్వకండి. మా బడిలో కొత్త గదులు కట్టినప్పుడు మిగిలిన ఇసుక, గుట్టగా గోడవారన ఉండిపోయింది. మా ఎల్కేజీ పిల్లలకు అదే లోకం. మేఘన అనే పిల్ల తరగతిలో పేరడిగినా నోరు విప్పదు. ఆ గుట్ట మీద మాత్రం ఇడ్లీ కొట్టు పెట్టి, "చట్నీ అయిపోయింది, సాంబారే ఉండాది, తింటే తిను" అని నన్ను కూడా గదమాయిస్తుంది.

ఈమధ్య ఒక తల్లి వచ్చి యూనిఫాం మాసిపోతోందని గొడవ చేసింది. అంతే, బడి యజమాని అయిన మా కరస్పాండెంటు సారు సోమవారం ట్రాక్టరు పెట్టి గుట్ట ఎత్తించేస్తానన్నారు. ఆ చోట ప్లాస్టిక్ పచ్చిక పరుస్తారట. పెన్సిలు పట్టాల్సిన వేళ్ళకు బలం ఇసుకలోనే వస్తుందని నేను మొత్తుకున్నాను.

"మీరు చెప్తే ఎట్లా టీచర్? పెద్దోళ్ళు ఎవురన్నా రాసుండాలి గదా," అన్నారాయన.

చిన్నపిల్లల టీచర్లకు పనికొచ్చేవన్నీ ఒకేచోట చూపించే ప్రదర్శన శనివారం చెన్నై శివార్లలోని షోళింగనల్లూరులో ఉందని ఆయనే చెప్పారు. కాగితం తెస్తే గుట్ట ఉంటుంది, తేకపోతే పోతుంది. ఇదీ ఒప్పందం.

శనివారం ఉదయం ఆరున్నర లోకల్ ఎక్కాను. నా దారిన వెళ్ళదలచినవారు సూళ్ళూరుపేటలోనే కిటికీ సీటు పట్టుకోండి. గుమ్మిడిపూండి దాటాక కాళ్ళు పెట్టుకునే చోటు దొరికితే అదే మహాభాగ్యం. తొమ్మిదయ్యేసరికి సెంట్రల్‌లో దిగి, బయట హోటల్లో పొంగలు తిని, ఓఎంఆర్ అనే పాత మహాబలిపురం రోడ్డు వైపు వెళ్ళే బస్సు ఎక్కాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. వాషర్‌మెన్‌పేట్‌లో మూడు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళట. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"అప్పడియా! అయితే ఆడ పిలకాయలు నెరియా వస్తారు. నా మనవడ్ని కూడా తెచ్చుంటే బాగుండు," అంది. నెరియా అంటే అరవంలో బోలెడు.

రాకుండా ఎలా ఉంటారండీ, హాలంతా వాళ్ళే ఉంటారని ధీమాగా చెప్పాను. ఆవిడ దిగేముందు నా చేతిలో రెండు జామకాయలు పెట్టింది.

షోళింగనల్లూరులో అద్దాల ఆఫీసుల మధ్య హోటలు, హోటల్లో హాలు. గుమ్మం దగ్గరే పెద్ద అక్షరాల బోర్డు: పిల్లలకు ప్రవేశం లేదు. నా ముందు చంటిదాన్ని చంకనేసుకుని వచ్చిన ఒక టీచరమ్మను వెనక్కి పంపించేశారు. పిల్లలు లోపలికొస్తే సామాను పాడవుతుందట! పిల్లల సామాను పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందనే సంగతి ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు.

లోపల మెత్తటి తివాచీ, మెడలో వేసుకోవడానికి ట్యాగు, చేతికి సంచి. ఆకుల్ని తాకి తెలుసుకునే పెట్టెలో ప్లాస్టిక్ ఆకులున్నాయి. దాని మీద 'తాకరాదు' అని చీటీ అంటించారు. మీట నొక్కితే కాకిలా అరిచే యంత్రం ఒకటుంది. చెన్నైలో కాకులకు కరువొచ్చినట్టు దాని చుట్టూ ఎంత జనమో.

పన్నెండింటికి ఉపన్యాసం. పిల్లల నోరు నొక్కకండి, మాట్లాడనివ్వండి అని వక్త గారు చాలా గొప్పగా చెప్పారు. భోజనాల వేళ దగ్గరపడి హాల్లో గుసగుసలు పెరిగాయి. ఆవిడ అలవాటుగా, "ఫింగర్ ఆన్ యువర్ లిప్స్!" అన్నారు. హాలు హాలంతా టక్కున వేలు పెదవుల మీద పెట్టుకుంది. నాతో సహా. ఎవరికీ నవ్వు కూడా రాలేదు. ఆవిడ అలాగే కొనసాగించారు, మేమూ అలాగే విన్నాం.

భోజనం బాగుంది, అన్యాయంగా చెప్పకూడదు. వత్తకుళంబు అనే అరవ పులుసు రెండుసార్లు వేయించుకున్నాను. ఆ తరువాత చిట్టచివరి స్టాల్లో నా నిధి దొరికింది. మూతపెట్టిన డబ్బాల్లో రంగురంగుల ఇసుక! పక్కనే నున్నటి కరపత్రం. వేళ్ళకు బలం, మాటకు చురుకు, మనసుకు నెమ్మది, అన్నీ ఇసుకతోనే వస్తాయని అందులో అచ్చేసి ఉంది. నేను గొంతు చించుకుని చెప్పినవే. స్టాలు కుర్రాడిది గుంటూరు వైపు.

"ఇది మామూలు ఇసుక కాదు మేడమ్. మట్టి ఉండదు, చేతికి అంటుకోదు," అన్నాడు.

పిల్లలు ఆడి చూశారా అని అడిగాను. ఇంకా లేదట, ముందు స్కూళ్ళు కొనాలట. నమూనా డబ్బా ఒకటి, కరపత్రం ఒకటి పుచ్చుకుని బయటపడ్డాను.

సాయంత్రం లోకల్‌లో కూర్చోగానే సారు ఫోన్ చేశారు. కరపత్రం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆయన గొంతు మారిపోయింది. ట్రాక్టరు వద్దన్నారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఆయన మిగతాది కూడా చెప్పారు. గుట్ట చుట్టూ రంగుల కంచె వేయిస్తారట, ఇంగ్లీషులో బోర్డు పెట్టిస్తారట, అడ్మిషన్ల రోజు తల్లిదండ్రులకు చూపిస్తారట.

"మిగతా రోజుల్లో పిలకాయల్ని దింపబాకండి టీచర్. చెదిరిపోద్ది," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. షోళింగనల్లూరు బోర్డు నాకంటే ముందే మా ఊరు చేరిపోయింది! ఫోను చెవిన పెట్టుకునే ఎదురు సీటు వైపు చూశాను. అక్కడ తల్లి ఒళ్ళో ఉన్న రెండేళ్ళ పాప ఎప్పుడు లాక్కుందో, నా నమూనా డబ్బా మూత తీసి ఇసుకంతా సీటు మీద కుమ్మరించి దర్జాగా పిసుకుతోంది. తల్లి కంగారుపడి దాని చెయ్యి పట్టుకోబోయింది. వదిలెయ్యమ్మా అన్నాను. పొద్దుటి నుంచి ఆ సామాను మీద నేను చూసిన మొదటి పిల్ల చెయ్యి అది.

"సార్, కంచెకు గేటు ఉంటుందా?" అని ఫోన్లో అడిగాను.

"తాళం కూడా వేయిస్తా," అన్నారు.

"తాళం చెవి నా దగ్గర పెట్టండి సార్. జాగ్రత్తగా చూసుకుంటాను."

ఆయన ఎంతో సంతోషించారు. ఇంత బాధ్యత గల టీచరు దొరకడం తన అదృష్టమన్నారు. మీరూ ఇలాంటి ప్రదర్శనకు వెళ్తే వెళ్ళిరండి, భోజనం బాగుంటుంది. మా మేఘన ఇడ్లీ కొట్టు మాత్రం సోమవారం మామూలు వేళకే తెరుస్తారు.