అవ్వ పక్కన సెల్వి

పక్కింటోళ్లు పాతగోడలకు వేసుకుందామని తొట్టిల సున్నం రాళ్లు తడిపిన్రు. బుసబుస పొంగిన ఆ ఘాటు నా ముక్కుకు తగలంగనే నల్లగొండ అవతల, చెట్టూచేమా లేని బీడుల సున్నపురాయి గని, దాని పక్కన బట్టీలు, మా రేకుల ఇండ్ల లైను కండ్లల్ల మెదిలినయి.

మా బాపు గనిల రాయి కొట్టేటోడు. మాకు ఒక దిక్కు లారీ డ్రైవర్ ఖాజా మామ ఇల్లు, ఇంకో దిక్కు బండకు తూట్లు వేసే మిషిన్ నడిపే తమిళాయన మురుగన్ ఇల్లు, ఎనుక ఒరిస్సా నుంచి వచ్చినోళ్లు. రంజాన్‌కు ఖాజా మామ ఇంటి సేమియా పాలు లైనంత తిరిగేటివి. బతుకమ్మకు ఒరిస్సా ఆడోళ్లు తంగేడుపూలు కోసుకొచ్చి, పాట రాకున్నా మాతోటి చప్పట్లు కొట్టేటోళ్లు. నీళ్ల ట్యాంకరొస్తే మాత్రం అందరూ ఎవరి భాషల వాళ్లు కొట్లాడేటోళ్లు.

మురుగన్ భార్య పురుట్ల పోయింది. నా ఈడుదే ఆయన బిడ్డ సెల్వి. పగలైనా రాత్రైనా డ్యూటీకి పోతూ ఆయన ఆ పిల్లను మా అవ్వ దగ్గర విడిచిపెట్టేటోడు.

అప్పటిదాంక అవ్వ నాది. సర్వపిండి చేస్తే గిన్నె అంచున కరకరలాడే ముక్క నాది, అవ్వ పక్కన పండే జాగా నాది. సెల్వి వచ్చినంక రెండూ ఆమెవైనయి. ఆమె తల దువ్వుకుంట అవ్వ వచ్చీరాని తమిళంల "వా కణ్ణు" అనేది. దా బంగారం అని అర్థమట. నా కడుపుల మంట లేచేది.

ఒకనాడు పట్టలేక అడిగిన. "అవ్వా, నీ మనుమరాలు నేనా, గా సెల్వినా?"

"నీకు అమ్మ ఉన్నది బిడ్డా. గా పిల్లకెవరున్నరు?" అన్నది అవ్వ.

అమ్మ ఉండుడు గూడ నష్టమే అనిపించింది నాకు ఆ పూట.

గనిల రాయి తగ్గుతాందని మురుగన్ సొంతూరికి బయలెల్లిండు. సామాను ఖాజా మామ లారీకెక్కింది గాని, సెల్వి అవ్వ మెడ విడువలే. "జర విడువు బేటీ, రైలు పోతది," అని బతిమిలాడుకుంట ఖాజా మామే కండ్లు తుడుచుకున్నడు. నేను మాత్రం అవ్వ నాకొచ్చిందని సంబురపడ్డ. అవ్వ ఆ పొద్దు అన్నం ముట్టలే.

ఇప్పుడు ఆ లైను లేదు. రేకులు ఎవరో పీక్కపోయిన్రు, గని నిండ పచ్చటి నీళ్లు. పాణం పొయ్యేముందు అవ్వ మనుషులను గుర్తుపట్టలేదు. నేను గంజి తాపుతుంటే నా చెంప నిమిరి, "వచ్చినవా సెల్వీ?" అన్నది.

"వచ్చిన అవ్వా," అన్న.

సెల్వి ఇప్పుడు ఏ ఊర్ల ఉన్నదో. కనబడితే కావలించుకుంటనేమో గాని, అవ్వ ఆఖరి పిలుపు ఆమెదన్న సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది.